తీర్పయిపోయిన కేసులకు వకాల్తా పట్టిన తెనాలి ప్లీడరు

త్రిపురనేని రామస్వామి చౌదరి పుట్టింది 1887 జనవరి 15న. పోయింది 1943 జనవరి 16న. రెండూ సంక్రాంతి రోజుల్లోనే పడతయ్. మా డెల్టాలో పండగ ఎట్టా ఉంటదో మీకు తెలిసిందే. కోళ్ళ బరుల కాడ ఉండే జనంలో పదో వంతు కూడా కవిరాజు సభల కాడ ఉండరు. ఉన్న పదిమందిమీ ఫొటోకి దండేస్తాం. హేతువాది అని ఒకరు, సంఘసంస్కర్త అని ఒకరు, గొప్ప కవి అని ఇంకొకరు మాట్లాడి ఇళ్ళకి పోతాం. మూడూ నిజమే. కానీ నాలుగో మాట ఒకటుంది, దాన్ని పెద్దగా ఎవరూ ఎత్తరు. ఆయన ప్లీడరు. కోర్టు పని చేసి బతికిన మనిషి. ఆ సంగతి పక్కన పెడితే ఆయన రాసినదాంట్లో సగం మనకి అందదని నా వాదన.

నేను లాయర్ని కాదు. పదో తరగతితో బడి ఆగిపోయినోణ్ణి. చదువుకున్న నాలుగు ముక్కలూ గ్రంథాలయాల్లో చదువుకున్నయే. ఇరవై ఏళ్ళ నుంచి రేపల్లె, తెనాలి, బాపట్ల కోర్టుల చుట్టూ తిరుగుతన్నా. కూలి డబ్బులు రాబట్టుకోవాలని వచ్చేవాళ్ళు, పట్టా చేతికొచ్చినా భూమి చేతికి రానోళ్ళు, ఇంట్లోవాళ్ళకి భయపడుతూ పెళ్ళి రాయించుకోటానికొచ్చే పిల్లలు, వీళ్ళకి తోడుగా పోతుంటా. కోర్టు వరండాలో కూర్చోని కూర్చోని నాకు ఒకటి అర్థమయింది. మన జనానికి న్యాయం కంటే ముందు కావాల్సింది, వాళ్ళ తరఫున లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగేవాడు. కవిరాజు జీవితం మొత్తం ఆ ప్రశ్న అడగటమే.

ఆయన ఊరు కృష్ణా జిల్లా అంగలూరు. వ్యవసాయం కుటుంబం. చదువు ఆలస్యంగా అబ్బింది. మెట్రిక్యులేషన్ గట్టెక్కేసరికి ఇరవై మూడేళ్ళు. అప్పటికే పెళ్ళయింది, 1910లో కొడుకు పుట్టాడు. ఆ కొడుకే తర్వాత తెలుగు నవలకి పెద్దదిక్కయిన గోపీచంద్. ఆ వయసులో మామూలుగా ఎవరైనా కాడి పట్టుకుంటారు. ఈయన బందరు పోయి నోబుల్ కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరాడు. అక్కడుండగానే అష్టావధానం చేశాడు, నాటకాలు రాశాడు. ఆయన రాసిన రాణాప్రతాప్ నాటకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది కూడా.

1914లో ఓడెక్కి ఐర్లండ్ పోయాడు, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదవటానికి. అదే ఏడు ప్రపంచ యుద్ధం మొదలయింది. ఇంటి కాడ నాలుగేళ్ళ పిల్లోడు, సముద్రాల నిండా యుద్ధనౌకలు. అయినా చదువు ఆపలా.

డబ్లిన్ అంటే ఒట్టి కాలేజీ అనుకోబాకండి. ఆ రోజుల్లో అదొక పెద్ద బడి. మనలాగే ఇంగ్లీషోడి కింద నలుగుతన్న దేశం అది. 1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ పండగ వారంలో అక్కడి వాళ్ళు తిరగబడ్డారు. వారం తిరక్కుండా ఆ తిరుగుబాటుని అణిచేసి, నాయకుల్ని పట్టుకోని సైనిక కోర్టుల్లో విచారణ అనిపించి మే నెలలో కాల్చి చంపారు. ఆ విచారణలు తలుపులేసి జరిపారు. ముద్దాయిల తరఫున వాదించటానికి ప్లీడర్లు లేరు. న్యాయశాస్త్రం చదవటానికి పోయిన తెలుగు విద్యార్థులు ఉన్న ఊళ్ళోనే ఇదంతా జరిగింది. ఆ రోజుల్లో డబ్లిన్‌లో చదివిన మనోళ్ళలో మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ ఉన్నాడు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఉన్నాడు. గిరి మీద తిరుగుబాటుదార్లతో సంబంధాలున్నయ్యని అనుమానపడి ఆ దేశం నించి పంపేశారు. మన రామస్వామి అక్కడి నించే కృష్ణాపత్రికకి రాసి, హోంరూల్ ఉద్యమానికి ఆసరాగా నిలబడండని తెలుగోళ్ళని అడిగాడు.

1917లో తిరిగొచ్చాడు. కొన్నేళ్ళు బందర్లో ప్రాక్టీసు పెట్టి, 1922లో తెనాలి వచ్చేశాడు. అక్కడి నించి పోయేదాకా తెనాలే ఆయన ఊరు.

ఈ రోజుల్లో పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు బాగా జరుగుతన్నయ్. మంచిదే. 1945లో పెట్టిన బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదివి ఎక్కడెక్కడో స్థిరపడ్డోళ్ళు ఎంతోమంది. ఊరూరా ఇట్టాంటోళ్ళు తాము చదివిన చోటికి తిరిగొచ్చి గదులు కట్టిస్తారు, స్కాలర్‌షిప్పులు పెడతారు. రెక్క మీద పేరు రాయించిన ఫ్యాను ఇచ్చినోణ్ణి కూడా నేను తక్కువ చెయ్యను, ఎండాకాలం ఆ ఫ్యాను కింద కూర్చునేది పేదోడి పిల్లే. చదువు చెప్పిన చోటుని మర్చిపోకపోవటం మంచి గుణం. కానీ ఆ రుణం తీర్చే దారి ఇంకొకటుంది. ఆ చదువుని, అది ఎన్నడూ అందని వాళ్ళ గుమ్మంలోకి తీసుకుపోవటం. డబ్లిన్‌లో నేర్చుకున్నదాన్ని రామస్వామి తెనాలి బజార్లోకి పట్టుకొచ్చాడు. ఆ చదువుకి ఆయన కట్టిన వడ్డీ అదే.

ఏం నేర్చుకున్నాడాయన? కోర్టు పని దగ్గర్నించి చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. నేరం మోపినోడు రుజువు చూపించాలి. ముద్దాయి చెప్పేది వినకుండా శిక్ష వెయ్యకూడదు. సాక్షి ఎంత పెద్దోడైనా బోనులో నిలబడి అడ్డు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. కింది కోర్టు తప్పు చేస్తే పైకోర్టుకి అప్పీలు ఉంటది. ఈ నాలుగు సూత్రాలే. ఆయన వీటిని పట్టుకోని నేరుగా పురాణాల మీదికి పోయాడు.

శంబూకవధ సంగతి చూడండి. 1920లో రాశాడు. రామాయణం ఉత్తరకాండలో కథ మనందరికీ తెలుసు. ఒక బ్రాహ్మణుడి కొడుకు అకాలంగా చనిపోతాడు. రాజ్యంలో ఎక్కడో ఒక శూద్రుడు తపస్సు చెయ్యబట్టే ఇట్టా జరిగిందని పెద్దలు తేలుస్తారు. రాముడు పోతాడు, తపస్సు చేసుకుంటన్న శంబూకుడి తల నరుకుతాడు. ఇప్పుడు దీన్ని ప్లీడరు కళ్ళతో చూడండి. నేరం ఏంది? తపస్సు. ఆ తపస్సుకీ ఆ పిల్లోడి చావుకీ సంబంధం ఉందని సాక్ష్యం ఏది? ముద్దాయికి నోటీసు ఇచ్చారా? అతని తరఫున మాట్లాడింది ఎవరు? ఏదీ లేదు. కులం అడిగారు, కత్తి దూశారు. రామస్వామి ఆ శంబూకుడికి వకాల్తా పుచ్చుకున్నాడు. చేసింది రాముడే అయినా, ఆ చేతిలో కత్తి పెట్టినోళ్ళు ఎవరో వాళ్ళ వైపు వేలు చూపించాడు. యుగాలనాటి తీర్పు మీద అప్పీలు వేశాడన్నమాట.

ఖూనీ అని ఇంకో నాటకం రాశాడు. పేరు చూస్తేనే తెలుస్తంది, అది పోలీసు స్టేషన్లో, కోర్టులో వినపడే మాట. వేనుడనే రాజు దుర్మార్గుడు, యజ్ఞాలు ఆపాడు, అందుకని ఋషులు చంపారని పురాణం చెప్తది. చంపినోళ్ళు ఋషులైనంత మాత్రాన అది హత్య కాకుండా పోద్దా అని ఈయన ప్రశ్న. కురుక్షేత్ర సంగ్రామంలో ఆస్తి తగాదానే తిరగతోడాడు. సింహాసనం మీద హక్కు ఎవరిదో, వారసత్వం ఎట్టా వచ్చిందో సివిలు దావాలో అడిగినట్టు అడిగి కౌరవుల పక్షాన వాదించాడు. మన కోర్టుల్లో తాతల నాటి పొలం గట్టు కోసం తరాల తరబడి వాయిదాలు తిరిగే అన్నదమ్ముల్ని చూసినోళ్ళకి ఈ నాటకం చాలా దగ్గరగా ఉంటది.

నాలుగు ఆశ్వాసాల సూతపురాణం వీటన్నిటికీ పెద్దది. పురాణాలన్నీ శౌనకుడు మొదలైన మునులకి చెప్పింది సూతుడు. ఆ సూతుడు బ్రాహ్మణుడు కాదు. చెప్పినోడు మనవాడైతే, విననివ్వకుండా చెవుల్లో సీసం పోస్తామన్నది ఎవరు? ఈ తిరకాసు పట్టుకోని ఒక పురాణమే రాసిపెట్టాడు. తెనాల్లో తన ఇంటికి కూడా సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నాడు.

ఒప్పుకునేవాళ్ళున్నారు, ఒప్పుకోనోళ్ళున్నారు. దేవుణ్ణి నమ్మేవాళ్ళకి ఈ మాటలు నొప్పి పుట్టిస్తయ్, నాకు తెలుసు. మా ఇంట్లోనూ నమ్మేవాళ్ళున్నారు. కానీ ఒకటి గమనించండి. ఆయన ఎవర్నీ కొట్టమనలా, ఏ గుడీ కూలగొట్టమనలా. పుస్తకం రాశాడు, పద్యంలో వాదించాడు. ఎదుటివాళ్ళు కూడా పుస్తకాలతో, సభల్లో జవాబు చెప్పే వీలుంచాడు. ఈ రోజున ఒక ప్రశ్న అడిగితే జవాబు బదులు కేసు పెట్టటం, ఇంటి మీదికి రావటం చూస్తన్నాం. వందేళ్ళ కింద తెనాలి అంతకంటే గుండె ధైర్యమున్న ఊరు.

ఆయన కాగితం మీదనే ఆగలా. 1925లో తెనాలి మునిసిపల్ ఛైర్మన్ అయ్యాడు. గంగానమ్మ కొలుపుల్లో జంతుబలి ఆపమని ఉత్తర్వు ఇచ్చాడు. ఊళ్ళో గగ్గోలు పుట్టింది. అవిశ్వాస తీర్మానం పెట్టి దించేశారు. కొద్దికాలానికే మళ్ళీ ఆయన్నే ఎన్నుకున్నారు. ఓట్లు పోతయ్యని మాట మార్చుకోకుండా పదవి పోగొట్టుకోని, మాట మార్చుకోకుండానే పదవిలోకి తిరిగొచ్చినోళ్ళు మన రాజకీయాల్లో ఎంతమంది ఉన్నారో మీరే లెక్కేసుకోండి. 1929లో ఆంధ్ర మహాసభ ఆయనకి కవిరాజు బిరుదు ఇచ్చింది. ఆ మహాసభ మొట్టమొదట కూడింది మన బాపట్లలోనే, 1913లో.

నా లెక్కలో ఆయన చేసిన పనులన్నిట్లోకీ పెద్దది వివాహవిధి. పెళ్ళి తంతుని తెలుగులో రాశాడు. రాసి ఊరుకోలా, తనే పురోహితుడిగా కూర్చోని పెళ్ళిళ్ళు చేయించాడు. ఇందులోనూ నాకు ప్లీడరే కనపడతాడు. మా ఊళ్ళల్లో చదువు రానోళ్ళ చేత స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. అందులో ఏం రాసుందో వేసినోడికి తెలియదు. ఆ కాగితం చెల్లదని కోర్టులో వాదించొచ్చు. ఎందుకంటే తెలియకుండా ఇచ్చిన ఒప్పుదల ఒప్పుదల కాదు. మరి జీవితకాలం కలిసి ఉంటామని చేసే ప్రమాణం ఇద్దరికీ అర్థంకాని భాషలో చేయిస్తే అదేంది? పిల్లకీ పిల్లోడికీ తెలిసిన భాషలో, వాళ్ళు ఏం ఒప్పుకుంటన్నారో వాళ్ళకి తెలిసేట్టు పెళ్ళి జరగాలన్నది ఆయన పట్టు.

ఇది పాత ముచ్చట కాదు. ఇక్కడే ఇయ్యాల్టి కేసు ఉంది.

మద్రాసు రాష్ట్రంలో పెరియార్ మనుషులు పురోహితుడు లేకుండా ఆత్మగౌరవ పెళ్ళిళ్ళు చేశారు. 1953లో మద్రాసు హైకోర్టు అట్టాంటి పెళ్ళి చెల్లదని తీర్పిచ్చింది. ఆ జంటల గతేంది, పిల్లల ఆస్తి హక్కులేంది అని పెద్ద చిక్కొచ్చింది. 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి 7ఏ అనే సెక్షన్ చేర్చింది. బంధువులో, స్నేహితులో, ఎవరో ఒకరి ముందు ఒకరినొకరు ఒప్పుకున్నామని తమకి తెలిసిన భాషలో చెప్పి, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా చాలు, పెళ్ళి చెల్లుద్ది. పురోహితుడు ఉండాల్సిన పన్లేదు. మన రాష్ట్రంలో అట్టాంటి సవరణ రాలా. 1955 చట్టం ప్రకారం, ఇద్దరిలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆచారం అంటే చాలాకాలం నించి ఎడతెగకుండా వస్తన్నదై ఉండాలి. కవిరాజు పద్ధతిలో పెళ్ళి చేసుకున్న జంట రేపు ఆస్తి తగాదాలో కోర్టుకి పోతే, మీ ఆచారం ఏంది, ఎప్పట్నించి ఉందని ఎదుటి ప్లీడరు అడగటానికి సందు ఉంది.

మరి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉందిగదా అంటారు. ఉంది. దాని కింద చేసుకోవాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, ముప్పై రోజులు ఆగాలి, ఆ నోటీసుని ఆఫీసులో అందరికీ కనపడేట్టు అంటించాలి. కులం తప్పి పెళ్ళాడే పిల్లలకి ఆ ముప్పై రోజులే గండం. నాతో వచ్చిన ఒక జంట నోటీసు అంటించిన నాలుగో రోజుకే అమ్మాయి తరఫువాళ్ళు ఊరూరా వెతకటం మొదలుపెట్టారు. ఎవరు చెప్పారో ఏ ఆఫీసో అన్నది ఇక్కడ అనవసరం. గోడ మీద కాగితమే చాలు. ఆ జంట చివరికి వేరే ఊరు పోయి గుళ్ళో, మంత్రాలతో, వాళ్ళిద్దరికీ నమ్మకం లేని పద్ధతిలో పెళ్ళి చేసుకోని ప్రాణం దక్కించుకున్నారు. కవిరాజు తిరిగిన తెనాలికి గంట దూరంలో, ఆయన పోయి ఎనభై ఏళ్ళయ్యాక జరిగిందిది.

సరే, ఇంత చెప్పాక ఆయన మీద కూడా ఆయన పద్ధతే వాడాలి. పొగడ్త అయ్యాక అడ్డు ప్రశ్న ఉండాలి. లేకపోతే ఆయన్ని కూడా ఇంకో పురాణం చేసినోళ్ళమవుతాం.

తెనాలికీ రేపల్లెకీ నడుమ కృష్ణ ఒడ్డున కొల్లూరు ఉంది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో. 1916లో అక్కడ బ్రాహ్మణేతరుల సభ జరిగింది. శూద్ర అనే మాట ఎట్టా వచ్చింది, దాన్ని మన మీద ఎవరు రుద్దారని అక్కడ తర్కించారు. రామస్వామి అప్పుడు డబ్లిన్‌లో ఉన్నాడు. తిరిగొచ్చాక ఆ వాదానికి కవిత్వం బలం ఇచ్చింది ఆయనే. కానీ ఆ వాదం చాలావరకు పొలం ఉన్న కులాల గౌరవం చుట్టూ తిరిగింది. ఆ పొలంలో వంగి నాట్లేసే మాల మాదిగల కూలి ఎంత, వాళ్ళు తాగే నీళ్ళు ఎక్కడివి అన్నది ఆ వేదికల మీద ముందుకి రాలా. గుడి మెట్ల మీద తనకి జరిగిన అవమానం తెలిసినోడికి, తన గట్టు మీద ఇంకొకరికి జరిగేది కనపడాలిగదా. అందరికీ కనపడలా.

తెనాల్లో రైలెక్కి బాపట్ల పోతుంటే మధ్యలో చుండూరు స్టేషన్ వస్తది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జులైలో, చీరాల పక్కన కారంచేడు. చంపింది బ్రాహ్మలు కాదు. శంబూకుడి మీద పద్యాలు చదివి చప్పట్లు కొట్టిన సమాజం నించే ఆ గొడ్డళ్ళు వచ్చినయ్. ఇది చేదు మాట, మింగటం కష్టం. కానీ చెప్పకపోతే కవిరాజు బొమ్మకి దండేసే అర్హత మనకి లేదు.

చుండూరు బాధితులు పట్టుపట్టి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. సాక్షులు భయపడకుండా చెప్పగలిగేట్టు, న్యాయం జరిగిన చోటే కనపడేట్టు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. కారంచేడు తర్వాత బొజ్జా తారకం అనే ప్లీడరు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకోని బాధితుల పక్షాన నిలబడ్డాడు. నా దృష్టిలో శంబూకుడి వకాల్తా కవిరాజు చేతుల్లోంచి అట్టాంటోళ్ళ చేతుల్లోకి పోయింది. పురాణంలో శంబూకుడికి అప్పీలు వేసినోళ్ళు, చుండూరు శంబూకుల కాడికొచ్చేసరికి ఎందుకు లేచి నిలబడలేదని ఆయన వారసులమని చెప్పుకునే ప్రతివాణ్ణీ అడగొచ్చు. నేను అడుగుతన్నా.

అందుకని ఆయన్ని తీసిపారేస్తామా? కూడదు. మనం ఈ ప్రశ్న అడగటానికి వాడే పనిముట్టు ఆయన ఇచ్చిందే. గోపీచంద్ తన అసమర్థుని జీవయాత్ర నవలని తండ్రికే అంకితమిచ్చాడు, ఎందుకని అడగటం నేర్పినందుకు. కొడుక్కి ఇచ్చిన ఆస్తి ఊరికీ ఇచ్చిపోయాడు. 1987లో, ఆయన పుట్టి నూరేళ్ళయినప్పుడు, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. స్టాంపు వేశాక కవరు మీద అంటించి ఉత్తరం పంపాలి. అంటించకుండా ఆల్బంలో దాచుకుంటే దానివల్ల ఏ కబురూ ఎవరికీ చేరదు.

మరి ఏం చెయ్యాలి? మూడు పనులు చెప్తా. ఒకటి, తెనాలి, రేపల్లె, బాపట్ల బార్ అసోసియేషన్ల వాళ్ళు కవిరాజు మా వృత్తి మనిషని గర్వంగా చెప్పుకోవాలి. చెప్పుకోని ఊరుకోకుండా, మన రాష్ట్రానికీ 7ఏ లాంటి సవరణ కావాలని అసెంబ్లీకి ఒక విన్నపం రాయాలి. ముసాయిదా రాయటం వాళ్ళకి ఒక పూట పని. రెండు, శంబూకవధని చుండూర్లో ఆడాలి. పద్య నాటకానికి తెనాల్లో కళాకారులకి కొదవ లేదు. ఆ ఊళ్ళో, ఆ బాధిత కుటుంబాల ముందు ఆడితే ఆ నాటకానికి అసలు అర్థం అప్పుడొస్తది. మూడు, లా చదివి మన మూడు పట్టణాల్లో ప్రాక్టీసు పెట్టిన కుర్రోళ్ళు, అమ్మాయిలు, నెలకి ఒక్క కేసు ఫీజు లేకుండా పట్టాలి. చదువు చెప్పిన యూనివర్సిటీకి చందా ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ చదువు రుణం అట్టా కూడా తీరుద్ది.

రేపు జనవరిలో మళ్ళీ దండలు పడతయ్. దండేసే ప్రతి చెయ్యీ ఒక వకాల్తా కాగితం కూడా పట్టుకొస్తే బాగుండు. సంతకానికి ఎదురుచూసే శంబూకులు మన కోర్టు వరండాల్లో ఇంకా కూర్చోనే ఉన్నారు.